చొక్కా జేబులో చీటీ

మా వదిన నెడ్రా ఇంట్లో భోజనం చేసిన వాళ్ళందరి కడుపుల్లోనూ ఎంతో కొంత మెరుపు పొడి ఉండే ఉంటుంది. ఆవిడ కాగితాలు కత్తిరించేది వంటింటి బల్ల మీదే. జిగురు పూసేదీ, మెరుపు చల్లేదీ అక్కడే. ఆ తర్వాత అదే బల్ల మీద చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపలు వడ్డిస్తుంది. ఒకసారి నా పంటి కింద గులాబీ రంగు బొత్తాం తగిలింది. ఉమ్మేసి చూపించాను.

"అయ్యో, దీనికోసం పొద్దుట్నించీ వెతుకుతున్నానే!" అంటూ దాన్ని కడిగి తీసుకెళ్ళి అతికించుకుంది.

ఆవిడ అలా ఫొటోలు అతికించి చేసే స్క్రాప్‌బుక్ పేజీలంటే నాకు మొదట్నుంచీ రోత. మొత్తం ముప్పై ఒక్క ఆల్బమ్‌లు. ప్రతి పేజీలో ఒక కుటుంబం ఫొటో, దాని చుట్టూ లేసు, రిబ్బన్లు, కాగితం పూలు, పైన వంకర అక్షరాలతో 'మా బంగారు గూడు', 'నవ్వుల మూట' లాంటి పేర్లు. గవదబిళ్ళలతో మొహం వాచి ఏడుస్తున్న పిల్లవాడి ఫొటో చుట్టూ కూడా బెలూన్లు అతికించింది. తాగి తాగి చనిపోయిన మా చిన్నాన్న పేజీలో సీతాకోకచిలుకలు ఎగురుతుంటాయి. అవి తిరగేస్తుంటే పంచదార పాకం గరిటెలతో నోట్లో పోస్తున్నట్టు వెగటు పుట్టేది. నిజంగా మా ఇంట్లో జరిగినవి చూసినదాన్ని నేను. ఆ పేజీల్లో మాత్రం ఎవరికీ జలుబు కూడా చేసినట్టు కనబడదు.

నెడ్రా కొండకు అవతలి ఊరి పిల్ల. వాళ్ళ నాన్న టర్కీ కోళ్ళు పెంచేవాడు. పందొమ్మిదేళ్ళప్పుడు, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, మా అన్నయ్య థేన్‌ని పెళ్ళి చేసుకుని మా లోయలోకి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆవిడ నవ్వితే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, అంత పెద్ద నవ్వు. తొమ్మిదేళ్ళలో ఐదుగురు పిల్లలు. ఏటా రెండు వందల సీసాల పీచ్ పళ్ళు ఊరబెట్టేది. ఐదుగురికీ ఒకే తాను గుడ్డలో బట్టలు కుట్టేది. ఆదివారం చర్చిలో పిల్లల తరగతి ఆవిడదే. ఈ పనులన్నిటి మధ్యా ఆ నవ్వు ఎప్పుడు చిన్నదైపోయిందో నేను గమనించలేదు. గమనించలేదనడం అబద్ధం. గమనించి ఊరుకున్నాను.

మా అన్నయ్య ఎంత నెమ్మదస్తుడో ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. గొంతు పెంచడు. చెయ్యి ఎత్తడు. చర్చిలో పెద్దల పక్కన కూర్చునే మనిషి. కోపం వస్తే నోరు మూసుకుంటాడు, అంతే. ఒక రోజు కాదు, వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అదే ఇంట్లో తింటాడు, అదే మంచం మీద పడుకుంటాడు, భార్య మాత్రం గోడతో సమానం. కోపం ఎందుకో చెప్పడు. ఎప్పుడు పోతుందో కూడా ఆయన ఇష్టమే.

మా నాన్న కూడా అంతే. అమ్మ మీద అలిగితే భోజనాల దగ్గర నా వైపు తిరిగి, "ఆర్విల్లా, మీ అమ్మని ఉప్పు అందించమను" అనేవాడు. అమ్మ ఆయనకు మూరెడు దూరంలో కూర్చుని ఉండేది. నేను అటు తిరిగి, "అమ్మా, నాన్న ఉప్పు అడుగుతున్నాడు" అని చెప్పేదాన్ని. అదేదో పెద్ద పని నాకు అప్పగించినట్టు గర్వంగా కూడా ఉండేది. మా ఇంట్లో దీన్ని నెమ్మదితనం అనుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతుంది.

ఊళ్ళో షానలీ అని ఒకావిడ రంగు కాగితాల దుకాణం పెట్టాక నెడ్రాకి ఈ పిచ్చి ముదిరింది. ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆ దుకాణం వెనక గదిలో పన్నెండు మంది ఆడవాళ్ళు చేరేవాళ్ళు. షానలీ ఒక గాజు సీసాలోంచి ఒక కాగితం తీసి ఆ నెల పందెం చదివేది. 'మూడు గుండ్రాలు, ఒక బొత్తాం, వంటింట్లోంచి ఒక వస్తువు.' లేదా, 'చింపిన అంచులు తప్ప కత్తెర వాడకూడదు.' లేదా, 'ఒక పండు రంగులే వాడాలి.' మధ్యాహ్నానికల్లా ప్రతి ఒక్కరూ ఆ నియమం ప్రకారం తమ కుటుంబం పేజీ ఒకటి చెయ్యాలి. సంసారంలో ఉన్న నియమాలు చాలక వీళ్ళకి ఇవి కూడా కావాల్సొచ్చాయి.

మా ఆయన పోయాక నెడ్రా నన్ను ఒంటరిగా వదలకుండా అక్కడికి లాక్కెళ్ళేది. నేను ఒక్క పేజీ చేసిన పాపాన పోలేదు. దాల్చిన చెక్క రొట్టెలు తింటూ అందరి పేజీలనూ వెక్కిరించేదాన్ని.

రెండు వేల మూడు ఆగస్టు పందెం ఇది: 'పాత బట్టతో ఒక జేబు కుట్టి పేజీకి అతికించండి. ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట ఒక చీటీ మీద రాసి అందులో దాచండి.'

దాచడమంటే దాచడం కాదు. చీటీకి పైన రిబ్బన్ ముక్క కుట్టి బయటకు వేలాడేస్తారు, చూసేవాళ్ళు లాగి చదవడానికి. అందుకని అందరూ లాగి చదవదగ్గ రహస్యాలే రాస్తారు. ఒకావిడ, 'క్రిస్మస్ కేకులో చివరి ముక్క తిన్నది నేనే' అని రాసింది. ఇంకొకావిడ, 'నా కూతురి పెళ్ళిలో కళ్ళ నీళ్ళు ఆనందంతో కాదు, పూల పుప్పొడి పడక' అని రాసి, తానే చదివి కిలకిలా నవ్వింది. ఆ దొంగ రహస్యాలు వింటుంటే తిన్న రొట్టె పైకి వచ్చేలా ఉంది.

నెడ్రా అప్పటికే జేబు కుట్టేసింది. మా అన్నయ్య పాత నీలం చొక్కా జేబే ఊడదీసి, ఉన్నదున్నట్టుగా పేజీకి అతికించింది. పైన ఫొటో ఎనభై ఒకటిలో చెరువు దగ్గర తీసింది. ఐదుగురు పిల్లలు పసుపు చొక్కాల్లో, వెనక నెడ్రా, ఆవిడ భుజం మీద చెయ్యేసి థేన్. అందరూ నవ్వుతున్నారు. తీసింది నేనే.

"ఏం రాస్తావు వదినా? శాండ్‌విచ్‌లో ఇసుక పడిందనా?" అన్నాను.

"అలాంటిదే ఏదో ఒకటిలే."

"ముప్పై ఏళ్ళ నుంచీ అతికిస్తున్నావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క నిజం మాట రాస్తే చూసి చచ్చిపోవాలని ఉంది నాకు."

వదిన నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత రిబ్బన్ కుట్టిన చీటీ తీసుకుని ఒక్క బిగిన రాసి, నాకు కూడా చూపించకుండా జేబులో దోపేసింది. "ఇది నాకోసం. ఇసుక చీటీ ఇంటి దగ్గర రాసి, జిగురు ఆరాక మార్చేస్తా" అంది.

మార్చే వీలు చిక్కలేదు. జిగురు ఆరేవరకూ పేజీలు కదపకూడదని షానలీ అన్నిటినీ దుకాణంలోనే ఉంచుకుంది. సోమవారం నెడ్రా వెళ్ళేసరికి పన్నెండు పేజీలూ ఏటా జరిగే కౌంటీ ప్రదర్శన కోసం ఎగ్జిబిషన్ హాలుకు చేరిపోయాయి. ప్రదర్శన బుధవారం మొదలైంది. నెడ్రా పేజీకి అన్నిటికన్నా పెద్ద బహుమతి, ఊదా రంగు రిబ్బన్, వచ్చిందని ఆ సాయంత్రమే షానలీ ఫోన్ చేసింది. "జడ్జీలు కళ్ళు తుడుచుకున్నారు తెలుసా!" అంది. ఆ మాట వినగానే వదిన నాకు ఫోన్ చేసింది.

గురువారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. దారిలో కారు నడుపుతూ చెప్పింది.

"నీ పుణ్యమాని నిజమే రాశాను ఆర్విల్లా. మీ అన్నయ్య చూశారంటే ఇంక నాతో మాట్లాడరు. ఈసారి ఎన్నాళ్ళో కూడా తెలీదు. ఆ ఇంట్లో ఇప్పుడు పిల్లలు కూడా లేరు. నావల్ల కాదు. నాకు యాభై నాలుగేళ్ళు."

మా అన్నయ్య శుక్రవారం పదిన్నరకి వస్తాడు. ఏటా అంతే. తెల్ల చొక్కా వేసుకుని, భార్యకు రిబ్బన్ వచ్చిన పేజీ పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాడు. ఆ ఫొటో మళ్ళీ ఇంకో పేజీ అవుతుంది. అంటే అసలు చీటీ తీసి ఇసుక చీటీ పెట్టడానికి మాకు ఒక్క రోజు గడువుంది.

హాల్లో ఊరగాయ సీసాలు, దుప్పట్లు దాటి వెళితే చివర వాలు బల్ల మీద పేజీలు. మిగతా వాటికి ప్లాస్టిక్ తొడుగులున్నాయి. జేబుల పందెం వాటికి లేవు. పక్కన ఒక అట్ట మీద 'లాగి చూడండి' అని రాసి పెట్టారు. మిగతా పదకొండు పేజీల ముందు ఈగ కూడా లేదు. నెడ్రా పేజీ ముందు వరస కట్టారు. ఒక్కొక్కరే చీటీ లాగడం, చదవడం, నోటి మీద చెయ్యి పెట్టుకోవడం, మళ్ళీ దోపడం. ఒకావిడ వేయించిన పిండి రొట్టె కొరుక్కుంటూ చదువుతోంది. మా వంతు వచ్చేసరికి ఆ చీటీ నిండా నూనె వేళ్ళ ముద్రలు, ఒక మూల టమాటా సాసు మరక. నేను అప్పుడే మొదటిసారి చదివాను.

'ఈ ఫొటో నాటికి ఆయన నాతో మాట్లాడి పదకొండు రోజులు. ఎందుకో నాకు చెప్పలేదు. ఆర్విల్లా నవ్వమంది, అందరం నవ్వాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఫొటో కోసమే వేశారని తెలుసు. అయినా వేసినందుకు సంతోషంతో ఏడ్చాను. అలా ఏడ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.'

కింద జడ్జీల కార్డు గుచ్చి ఉంది. 'భావం చాలా బాగుంది. అంచులు ఇంకాస్త శుభ్రంగా ఉండాల్సింది' అని రాశారు. ఆ జడ్జీల మొహాన ఉమ్మేయాలనిపించింది. అంతకన్నా ముందు నా మొహాన నేను ఉమ్ముకోవాలి. ఆ రోజు కెమెరా పట్టుకుని, "నవ్వండి, నవ్వండి, వదినా, ఏంటా ఏడుపు మొహం?" అని అరిచింది నేనే. నాకు బాగా గుర్తుంది.

హాలు చూసుకునే వెల్డా కుర్చీలోంచి లేవకుండానే అంది, "ముట్టుకోకమ్మా నెడ్రా. శనివారం సాయంత్రం అయిదింటిదాకా ఏదీ కదపకూడదు."

"నా చీటీయే కదా వెల్డా. పొరపాటున వేరేది పెట్టాను. మార్చుకుని పోతా."

"ఇక్కడికి వచ్చాక నీదేంటి, నాదేంటి? మా అమ్మ దుప్పటికి చిల్లి పడిందని తెలిసి కూడా మార్చనివ్వలేదు నేను." తర్వాత గొంతు తగ్గించి, తల ఒక పక్కకి వాల్చింది. "అయినా పోనీలేమ్మా, మనసులో భారం దించుకున్నావు. నేనైతే మూడుసార్లు చదివా."

మూడుసార్లట! అరటిపండు తొక్క ఒలిచినట్టు ఒక మనిషిని ఒలిచి చూసి, పైగా జాలి. నా నోటికి వచ్చిందేదో అనబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఆవిడ జన్మలో ఒక నియమం తప్పిన మనిషి కాదు. అందుకే ఆవిడతో అందరూ ఆడుకున్నారు, మేము కూడా.

శుక్రవారం నేనే ఒక ఏర్పాటు చేశాను. పదింటికి వెళ్ళి, నేను ఊరగాయ సీసాల దగ్గర వెల్డాతో గొడవ పెట్టుకోవాలి. అది నాకు కష్టమైన పని కాదు. ఆ సందులో వదిన చీటీకి కుట్టిన రిబ్బన్ కత్తిరించి, దాన్ని ఇసుక చీటీకి తగిలించి మార్చెయ్యాలి. వంకీల అంచు కత్తెరా, ఇసుక చీటీ ఆవిడ సంచిలో సిద్ధంగా ఉన్నాయి.

"ఈ పీచ్ పళ్ళకి మొదటి బహుమతి ఎవరిచ్చారు వెల్డా? బురదలో దొర్లించినట్టున్నాయి" అని మొదలుపెట్టాను.

"అవి మా అక్కవి!" అని వెల్డా కుర్చీలోంచి లేచింది. అంతా అనుకున్నట్టే జరుగుతోందనుకుని వెనక్కి తిరిగి చూశాను. పదీ పది కూడా కాలేదు, తెల్ల చొక్కాలో మా అన్నయ్య తలుపులోంచి వస్తున్నాడు. నెడ్రా కత్తెర పట్టుకుని పేజీ ముందే నిలబడి ఉంది.

పేజీ ముందున్న నలుగురైదుగురు ఆడవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. వెళ్ళిపోలేదు, తప్పుకున్నారంతే. మా అన్నయ్య ఊదా రిబ్బన్ చూసి తల పంకించాడు. తర్వాత వంగి, "ఇది నా నీలం చొక్కా జేబు కదూ?" అన్నాడు. సొంత జేబులో చెయ్యి పెట్టుకున్నంత మామూలుగా రెండు వేళ్ళు పెట్టి చీటీ పైకి లాగాడు.

కళ్ళజోడు సర్దుకుని నిదానంగా చదివాడు. నేను మనసులో దేవుణ్ణి తలుచుకున్నాను, ఒక్క మంచి మాట అనిపించు స్వామీ అని. ఎంత చిన్నదైనా చాలు. నెడ్రా చాలా కొంచెంతో సరిపెట్టుకునే మనిషి.

"పదకొండు కాదు," అన్నాడు మా అన్నయ్య. "తొమ్మిది."

చీటీలో ఆ మాట మీద వేలు పెట్టి చూపించాడు.

"ఆదివారం మొదలైంది. మేం చెరువుకెళ్ళింది ఆ పై వారం మంగళవారం. తొమ్మిదే."

వదిన కత్తెర సంచిలో పెట్టేసింది. "మీరు లెక్కపెట్టారా?" అంది.

"తప్పు రాశావు కాబట్టి చెప్తున్నా. నలుగురూ చదివేది కదా."

"అయితే ఎందుకో కూడా చెప్పండి. ఇరవై రెండేళ్ళయింది. నేనేం చేశానండీ?"

మా అన్నయ్య నిజంగానే ఆలోచించాడు. అదీ చూశాను నేను. నుదురు ముడేసి, పైకప్పు వైపు చూసి, ఆలోచించి, "గుర్తు లేదు" అన్నాడు. చీటీ మళ్ళీ జేబులో దోపి, రిబ్బన్ సర్ది, చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. "కెమెరా తియ్యి ఆర్విల్లా. ఎండ ముదరక ముందే వెళ్ళిపోవాలి."

నా అన్న. ఒకే తల్లి కడుపున పుట్టాం. ఆ నిమిషాన అతన్ని చూస్తే, కూరగాయల బుట్టలో అడుగున కుళ్ళిన ఉల్లిపాయలో వేలు దిగబడ్డట్టు అనిపించింది. అయినా అలవాటు కొద్దీ నా చేతులు కెమెరా పైకెత్తాయి. ఆయన పేజీ పక్కన నిలబడి ఎప్పటిలాగే వదిన భుజం మీద చెయ్యి వేశాడు. వదిన ఆ చేతిని చూసింది. వేలికి అంటుకున్న జిగురు కాగితాన్ని తీసేసినట్టు, రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి దించేసింది. కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలబడింది.

నవ్వమని నేను అనలేదు. నొక్కేశాను.

బయటికి వచ్చాక వదిన సంచిలోంచి ఇసుక చీటీ తీసి, మొక్కజొన్న కంకుల చెత్త పడేసే డబ్బాలో వేసింది. శనివారం అయిదింటిదాకా ఆ పేజీ అక్కడే ఉంది. ఎంతమంది లాగారో నాకు తెలీదు. చివరికి రిబ్బన్ ఊడి చేతికొచ్చిందని షానలీ చెప్పింది.

ఆ శుక్రవారం నుంచే మా అన్నయ్య నోరు మూసుకున్నాడు. ఆ పై వారం ఆదివారం చర్చి అయ్యాక ఎప్పటిలాగే నన్ను భోజనానికి పిలిచింది వదిన. బల్ల మీద కాగితాలు పక్కకి నెట్టి ఉన్నాయి. వాటి పైన ఎగ్జిబిషన్ ఫొటో అతికించిన పేజీ ఒకటుంది. చుట్టూ లేసు లేదు, పూలు లేవు, బొత్తాం లేదు. పేరు కూడా రాయలేదు.

"ఇవాళ్టికి పది ఆర్విల్లా," అంది వదిన బంగాళాదుంపలు వడ్డిస్తూ, వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా. "ఈసారి తప్పు రాయను. క్యాలెండర్ మీద గీతలు పెడుతున్నా."

మా అన్నయ్య పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మా నాన్న గొంతు, అదే నెమ్మది.

"ఆర్విల్లా, మీ వదినని ఉప్పు అందించమను."

ఉప్పు సీసా వదిన మోచేతి దగ్గరుంది. అన్నయ్య చెయ్యి చాపితే కూడా అందుతుంది. నేను అలవాటు కొద్దీ వదిన వైపు తిరిగాను. అమ్మా, నాన్న ఉప్పు అడుగుతున్నాడు అన్న మాట యాభై ఏళ్ళ తర్వాత కూడా నా నాలుక మీద సిద్ధంగా ఉంది. వదిన నన్ను చూస్తోంది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"నీకు నోరుందిగా అన్నయ్యా," అన్నాను. "నువ్వే అడుగు."

వదిన గరిటె గిన్నెలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, తన పళ్ళెంలో కొంచెం ఉప్పు చల్లుకుని సీసా మళ్ళీ అక్కడే పెట్టింది. మా అన్నయ్య కాసేపు దాన్ని చూశాడు. ఆ పూట ఉప్పు లేకుండానే తిన్నాడు.